ఏటి కీవల, ఏటి కావల: ద్వితీయ వివాహ నిషేధ చరిత్ర

ముహూర్తముల దినములలో తెల్లవారుజామున మన గుడిమల్కాపూరు పూలమార్కెట్టునకు పోయి చూచినవారికి ఒక సంగతి తెలియును. పెండ్లి దండలు ఎన్నడును ఒంటిగా అమ్ముడుపోవు, జతగానే పోవును. వధువున కొకటి, వరున కొకటి. మూడవ దండ యడిగిన వానిని పూలవాడు ఎగాదిగా చూచును. నేడు మన కింత సహజముగా తోచు ఈ జత లెక్క, మన ప్రాంతమున చట్టమున కెక్కి ఎంతో కాలము కాలేదు. 1955వ సంవత్సరము మే నెల 18వ తేదీకి ముందు, మన తెలంగాణములో హిందువైన పురుషుడు ఒక భార్య యుండగా మరియొకతెను, ఆమె యుండగా ఇంకొకతెను పెండ్లాడినను అతనిని దండించు చట్టము లేకుండెను. ఆ మార్పు ఎట్లు వచ్చెనో, ఎవరెవరి కృషివలన వచ్చెనో, వచ్చిన పిదప ఏమి జరిగెనో చదువరులకు తెలుపుటయే ఈ వ్యాసము నుద్దేశము.

నేను పండితుడను గాను. గ్రామలెక్కలు వ్రాసి చేయి కాయలు కాచినవాడను. సంస్కృతాంధ్రములలో నాకు గల కొద్దిపాటి పరిచయము గురుముఖమున వచ్చినది గాదు. దీపము ముందర కూర్చుండి స్వయముగా కూడబెట్టుకొన్నది. అందు సగము మన గ్రంథాలయపు బీరువాలనుండియే వచ్చినది. ఈ రజతోత్సవ సంచికకు ఏదైన చరిత్ర వ్యాసము వ్రాయుమని మిత్రులు కోరినప్పుడు, ఈ విషయమునే ఎన్నుకొంటిని. కారణము చెప్పవలెను. ఈ చరిత్రను నేను కుతూహలము కొరకు చదువలేదు. నా చేత జరిగిన ఒక తప్పును దిద్దుకొనుటకు చదివితిని. ఆ తప్పేమో ముందు ముందు మనవి చేసెదను.

మన పూర్వులు ఈ విషయమున ఏమనిరో మొదట చూతము. మనలో చాలమంది, బహుభార్యాత్వమును శాస్త్రములు పూర్తిగా అంగీకరించినవని కొందరును, పూర్తిగా నిషేధించినవని కొందరును వాదింతురు. రెండును సరికాదు. ఆపస్తంబుడు తన ధర్మసూత్రములలో, ధర్మకార్యములకు తోడై సంతానవతియైన భార్య యుండగా పురుషుడు మరియొకతెను చేసికొనరాదని విధించెను. కౌటిల్యుడు అర్థశాస్త్రములో గడువులు పెట్టెను: సంతానము కలుగని భార్యకొరకు ఎనిమిది సంవత్సరములును, బిడ్డలు పుట్టి చనిపోవు భార్యకొరకు పది సంవత్సరములును, ఆడుబిడ్డలనే కను భార్యకొరకు పండ్రెండు సంవత్సరములును వేచియుండవలెను. ఆ గడువు దాటకుండ మరల పెండ్లాడినవాడు మొదటి భార్యకు శుల్కమును, స్త్రీధనమును, పరిహారములో సగమును ఇచ్చి, రాజునకు ఇరువది నాలుగు పణముల వరకు దండము చెల్లింపవలెను. అయితే ఆ సొమ్ము లిచ్చినచో పలువురిని పెండ్లాడవచ్చునని ఆయనయే పిదప చెప్పెను. మనువు సైతము ఇట్టి గడువులను చెప్పినవాడే. మొదటి భార్యపై మరియొకతెను తెచ్చుటను శాస్త్రకారులు అధివేదన మనిరి. అందులకై మొదటి యామె కీయవలసిన ధనమునకు ఆధివేదనిక మని పేరు. సుగుణవతియు, పుత్రవతియు నైన భార్యను విడనాడిన వానిచేత ఆస్తిలో మూడవ వంతు ఇప్పింపవలెనని యాజ్ఞవల్క్యుడు శాసించెను.

ఈ యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను రచించిన విజ్ఞానేశ్వరుడు మనకు దూరపువాడు గాడు. చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలమున కళ్యాణ నగరమున నుండినవాడు. ఆ కళ్యాణము 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిదే. పదమూడవ శతాబ్దమున కేతన, ఆ విజ్ఞానేశ్వరీయమును తెలుగు పద్యములలోనికి తెచ్చి, సంస్కృతము రాని వారికి ధర్మశాస్త్రమును అందుబాటు చేసెను.

వీనినన్నింటిని కూడి చూచిన తేలున దిది: మన శాస్త్రకారులు ద్వితీయ వివాహమును మెచ్చుకొనలేదు, కాని ఆపలేదు. దానికి ధర పెట్టిరి. లెక్కలవాడనగుట చేత నాకు అట్లే తోచుచున్నది. ధర చెల్లింపగలవానికి అడ్డు లేదు. చెల్లింపలేని వానికి కోరిక యున్నను గతి లేదు. కనుకనే దశరథునకు ముగ్గురు రాణులు, కృష్ణదేవరాయలకు తిరుమలదేవియు చిన్నాదేవియు. తిరుమల కొండమీద ఆ రాయల యిరుప్రక్కల చేతులు జోడించి నిలిచిన ఆ దేవుల కంచు విగ్రహములను మనలో అనేకులు చూచియుందురు. ఏకపత్నీవ్రతుడని శ్రీరాముని కొనియాడుటలోనే, రాజులలో అది అరుదైన గుణమని తెలియుచున్నది. ఇక సవతుల మాత్సర్యము ఎట్టిదో నంది తిమ్మన పారిజాతాపహరణము చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఒక్క పువ్వు రుక్మిణికి దక్కినందుకు సత్యభామ అలుక గృహమున చేరినది. కావ్యమున అది శృంగారము. గుడిసెలో అది గింజలకొరకు, గుడ్డకొరకు జరుగు పోరాటము.

ఇతర దేశములలో ఈ నిషేధము ఎప్పుడు వచ్చెనో కొంచెము చూచుట మేలు. రోము చక్రవర్తి డయోక్లీషియను, తన యేలుబడిలోని వారెవ్వరును ఇరువురు భార్యలను కలిగియుండరాదని క్రీ. శ. 285లో శాసించెను. ఇంగ్లండులో మొదట ఇది మతాచార్యుల న్యాయస్థానములకు సంబంధించిన దోషము. మొదటి జేమ్సు రాజు పాలన తొలి సంవత్సరమున, అనగా 1603లో, మరణదండనకు తగిన నేరముగా చట్టమున కెక్కెను. ముస్లిము రాజ్యములలోను మార్పులు కలిగినవి. తుర్కీ దేశము 1926లో తన పౌరస్మృతి ద్వారా బహుభార్యాత్వమును రద్దుచేసెను. ట్యునీషియా 1956లో నిషేధించెను.

ఇంగ్లీషువారు 1860లో వ్రాసిన భారత శిక్షాస్మృతిలో 494వ సెక్షను ఈ నేరమునకు సంబంధించినది. భర్తగాని భార్యగాని జీవించియుండగా మరల పెండ్లాడినవారికి ఏడేండ్ల వరకు ఖైదు, జరిమానా. మొదటి పెండ్లిని దాచి రెండవ పెండ్లి చేసికొన్నచో 495వ సెక్షను క్రింద పదేండ్ల వరకు. మరి 1860 నాడే ఇట్టి చట్ట ముండగా 1955 వరకు ఏల ఆగవలసివచ్చె నని చదువరులు అడుగవచ్చును. చిక్కంతయు ఒక చిన్న మాటలో నున్నది. మొదటివారు జీవించియుండుట కారణముగా రెండవ పెండ్లి చెల్లనిదైనచో మాత్రమే అది నేరమని ఆ సెక్షను చెప్పుచున్నది. హిందూ పురుషుని రెండవ పెండ్లి ఆనాటి ధర్మశాస్త్రము ననుసరించి చెల్లునది. కావున నేరము గాదు. హిందూ స్త్రీ రెండవ పెండ్లి చెల్లనిది, కావున నేరము. ఒకే సెక్షను, ఒకే యింటిలో, భార్యకు కారాగారము, భర్తకు కల్యాణ మంటపము! అక్షరమున లింగభేదము లేని చట్టము ఆచరణమున ఎంతటి భేదము చూపగలదో దీనివలన తెలియుచున్నది.

ఈ అన్యాయమును సరిదిద్దుటకు సంఘసంస్కర్తలు ఒక్క దినమున పూనుకొనలేదు. మన తెలుగునాట స్త్రీల పెండ్లి కష్టములను గూర్చి పెద్దగొంతుతో పలికినవారిలో అగ్రగణ్యులు కందుకూరి వీరేశలింగముపంతులుగారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరములో మొదటి వితంతు వివాహము చేయించిరి. గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కము వ్రాసి, ముసలివానికి పసిపిల్లను అమ్ముకొను దురాచారమును నవ్వుల పాలు చేసిరి. మన హైదరాబాదు రాష్ట్రములో 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను మొదటి ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు, దానితోపాటు నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతను మహిళాసభయు జరిగినది. స్త్రీలు వేదికనెక్కి తమ మాట తాము చెప్పుకొనుట మన ప్రాంతమున అట్లు మొదలైనది.

చట్టముల సంగతికి వచ్చిన, మొదటి అడుగు మనవారు వేసినది గాదు. మద్రాసు శాసనసభ మలబారులోని మరుమక్కత్తాయ కుటుంబములకు 1930 తరువాతి తొలి యేండ్లలో చేసిన చట్టములో బహువివాహమును నిషేధించినది. కేంద్రములో 1946లో ఒక చిన్న చట్టము వచ్చినది: భర్త మరల పెండ్లాడినచో మొదటి భార్య వేరుగా నివసించి మనోవర్తి కోరవచ్చును. అనగా పెండ్లిని ఆపలేకపోయినను, పెండ్లమునకు వేరు పొయ్యి దొరికినది. ఆ సంవత్సరముననే బొంబాయి రాష్ట్రము హిందువుల ద్వితీయ వివాహములను చెల్లనివిగా చేసి, ఏడేండ్ల వరకు శిక్ష విధించు చట్టము చేసెను. 1949లో మద్రాసు రాష్ట్రము అట్టి చట్టమునే చేసి, దానితోపాటు విడాకుల హక్కును ఇచ్చెను. 1950లో సౌరాష్ట్రము ఆ దారినే పట్టెను. మతస్వాతంత్ర్యమునకు భంగమని, హిందువులకు మాత్రమే నిషేధించుట పక్షపాతమని ఈ చట్టములపై వ్యాజ్యములు జరిగినవి. బొంబాయి హైకోర్టు 1951లో ఈ వాదములను త్రోసివేసెను. మద్రాసు హైకోర్టును తన రాష్ట్రపు చట్టమును నిలిపెను.

ఇచ్చట మన చరిత్రలో ఒక వింత ఘట్టమున్నది. దీనిని నేను ఏ చరిత్ర పుస్తకములోను చదువలేదు. చట్టపు చివరి సెక్షనులో కనుగొంటిని. 1955 నాటి హిందూ వివాహ చట్టపు 30వ సెక్షను, అంతకుముందు రాష్ట్రములలో నున్న చట్టములను పేర్లు చెప్పి రద్దు చేసినది. బొంబాయి పేరున్నది, మద్రాసు పేరున్నది, సౌరాష్ట్రము పేరున్నది. హైదరాబాదు పేరు లేదు. రద్దు చేయుటకు ఇక్కడ అట్టి చట్టము లేదన్నమాట.

దీని ఫలితమేమో పటమును ముందుంచుకొని చూడుడు. కర్నూలు తుంగభద్రకు దక్షిణపు టొడ్డున నున్నది; అలంపురము ఏటి కావల. ఇరువైపుల తెలుగువారే. ఇరువైపుల అవే ఇంటిపేర్లు, అవే గోత్రములు, అవే పెండ్లిపాటలు. 1949 మొదలు 1955 వరకు కర్నూలువాడు భార్య యుండగా మరల పుస్తె కట్టినచో నేరస్థుడు. అలంపురమువాడు అదే పని చేసినచో పెండ్లికొడుకు. 1953 అక్టోబరులో కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధాని యైన పిదపను, మద్రాసు చట్టము అచ్చట అమలులోనే యున్నది. ఏటి కావల మాత్రము అదే పాత పద్ధతి. అట్లే షోలాపురమును చూడుడు. మన తెలంగాణమునుండి వలసపోయిన పద్మశాలీలు అచ్చట మగ్గములు నేయుచుండిరి. ఆ నగరము బొంబాయి రాష్ట్రములోనిది. అన్న షోలాపురమున, తమ్ముడు తెలంగాణములోని స్వగ్రామమున నున్నచో, 1946 మొదలు 1955 వరకు ఆ అన్నదమ్ములకు రెండు ధర్మములు. పైగా బొంబాయి చట్టము, ఆ రాష్ట్రమున స్థిరనివాస మేర్పరచుకొన్నవాడు ఎల్ల దాటి పోయి రెండవ పెండ్లి చేసికొన్నను అది చెల్లదని ముందే కట్టడి చేసినది. ఏరు దాటినంత మాత్రమున తప్పించుకొను వీలు లేకుండ చేసిరన్నమాట.

ఈ పరగణాకొక ధర్మమును పోగొట్టుటకే హిందూస్మృతి ప్రయత్నము సాగెను. బి. ఎన్. రావుగారి అధ్యక్షతను 1941లో సంఘ మేర్పడెను. 1944లో మరల ఏర్పడి దేశమంతట తిరిగి సాక్ష్యములు సేకరించెను. న్యాయశాఖ మంత్రి డాక్టరు అంబేడ్కరుగారు ఆ బిల్లును భుజముపై వేసికొని, దానికొరకు ఎంత శ్రమించిరో చెప్పనలవి గాదు. రాజ్యాంగ పరిషత్తులో మన రాజమహేంద్రవరపు బిడ్డ దుర్గాబాయమ్మ స్త్రీల పక్షమున బలముగా నిలిచినవారిలో నొకరు. ప్రతిఘటనము తీవ్రమయ్యెను. బిల్లు ముందుకు సాగకపోవుటచే అంబేడ్కరుగారు 1951లో మంత్రిపదవిని విడిచిరి. తరువాత నెహ్రూగారి ప్రభుత్వము దానిని నాలుగు ముక్కలు చేసి, నాలుగు చట్టములుగా తెచ్చెను. అందు మొదటిదే 1955 మే 18వ తేదీన అమలులోనికి వచ్చిన హిందూ వివాహ చట్టము.

ఆ చట్టపు 5వ సెక్షనులో మొదటి నియమము: పెండ్లినాటికి వధూవరులలో ఎవరికిని జీవించియున్న భార్యగాని భర్తగాని ఉండరాదు. 11వ సెక్షను: ఉన్నచో ఆ పెండ్లి చెల్లదు. 17వ సెక్షను: శిక్షాస్మృతి 494, 495 సెక్షనులు వర్తించును. ఆ చిన్న మాట చిక్కు అంతటితో విడిపోయినది. పురుషుని రెండవ పెండ్లియు చెల్లనిదగుటచే, నేరమైనది. అయితే చట్టము వెనుకకు నడువదు. ఆ తేదీకి ముందు మన ప్రాంతమున జరిగిన రెండవ పెండ్లిండ్లు చెల్లునవే. ఆ భార్యలు భార్యలే. వారికి మాత్రము, సవతి జీవించియున్న కారణమున విడాకులు కోరు హక్కును 13వ సెక్షను ఇచ్చినది.

ఇక నా తప్పు సంగతి చెప్పెదను. ఇరువదేండ్ల క్రిందటి మాట. నేను లెక్కలు చూచుచున్న ఒక గ్రామమున ఒక వృద్ధ రైతు కాలము చేసెను. స్వార్జితమైన ఆరెకరముల భూమి. విరాసతు కొరకు పెద్ద భార్య, ఆమె కుమారు లిద్దరు వచ్చిరి. వారి వెనుక, గడప అవతల, మరియొక ముసలమ్మ నిలిచియుండెను. చిన్న భార్య, సంతానము లేదు. పెండ్లయి ఏండ్లు గడచినను పెద్దామెకు బిడ్డలు కలుగలేదని ఆమెను తెచ్చిరట. తెచ్చిన పిదప పెద్దామెకే కవల లన్నట్లు వెంటవెంటనే ఇరువురు కొడుకులు కలిగిరి. చిన్నామె ఆ పిల్లలను పెంచి, ఆ చేలో నాట్లు వేసి, ఆ యింటనే ముసలిదైనది. నేను చట్టము తెలిసినవాని ఠీవితో, “ఇద్దరు భార్యలకు చట్టము ఒప్పుకొనదు, రెండవ పెండ్లి పెండ్లి గాదు” అని చెప్పి, నివేదికలో ఆమె పేరు వ్రాయలేదు. ఇద్దరు కుమారులకు రెండేసి యెకరములు, పెద్దామెకు రెండెకరములు.

ఆమె మరునాడు ఒంటరిగా వచ్చెను. “బిడ్డా, నేను ఆయన ఉంచుకున్నదాన్ని గాదు. పదిమందిల పుస్తె కట్టిండు. జయ నామ సంవత్సరం మాఘమాసంల అయింది పెండ్లి. నా పేరెందుకు రాయవు?” అని యడిగెను. “చూతములే అవ్వా” అని పంపివేసితిని.

ఆ మాట మాత్రము చెవిలో నిలిచిపోయెను. పంచాంగపు లెక్కలు వచ్చినవాడను గదా! జయ నామ సంవత్సరమనగా 1954 ఉగాదినుండి 1955 ఉగాదివరకు. మాఘమాసము 1955 జనవరి, ఫిబ్రవరులలో వచ్చును. ఆ తరువాత కొన్ని దినములకు మన గ్రంథాలయములో, ఎవరో దాత యిచ్చిన పుస్తకముల కట్టలో, హిందూ న్యాయశాస్త్రమును గూర్చిన తెలుగు పుస్తకమొకటి కనబడెను. తెరచి చూచితిని. మే 18, 1955. ఆమె మెడలో పుస్తె పడిన సుమారు మూడు నెలలకు చట్టము వచ్చినది! ఇంకొక పుట త్రిప్పితిని. 1956 నాటి వారసత్వ చట్టపు 10వ సెక్షను: వితంతువులు ఒకరికంటె ఎక్కువ యున్నచో వారందరును కలిసి ఒక భాగము పొందుదురు. అనగా కుమారులకు రెండేసి యెకరములు సరియే. మిగిలిన రెండెకరములలో పెద్దామె కొక యెకరము, చిన్నామె కొక యెకరము. నా అజ్ఞానము వెల సరిగా ఒక యెకరము. నాకు గాదు, ఆమెకు.

నివేదిక అప్పటికే పైకి పోయెను. తప్పు నాదేనని వ్రాసి యిచ్చి, సవరణ కొరకు తిరిగితిని. రెండేండ్లు పట్టెను. ఆ రెండేండ్లు ఆ ముసలమ్మ నడచినంత దూరము నేను నడువలేదు. చివరకు కాగితము చేతికిచ్చినప్పుడు, చదువురాని ఆమె దానిని రెండు చేతులతో పట్టుకొని, “ఎకరం సంగతి అటుంచు బిడ్డా. పెండ్లాం అని రాసినవా?” అని మాత్రమే యడిగెను. వ్రాసితినంటిని.

చదువరులారా, దీనినుండి చట్టము తప్పని గ్రహింపకుడు. చట్టము ధర్మమైనది. అదే పెండ్లి నాలుగు నెలలు ఆలస్యముగా జరిగియున్నను, లేక ఏటి కీవల కర్నూలులో జరిగియున్నను, ఆమె కా యెకరము దక్కకుండెడిది. అట్టి దురవస్థ ఏ స్త్రీకిని రాకుండవలె ననియే చట్టము మొదటి గడపవద్దనే అడ్డు నిలిచినది. కాని చట్టమును సగము తెలిసికొన్నవాడు, ఏమియు తెలియనివానికంటె ఎక్కువ కీడు చేయును. దానికి నేనే సాక్షిని.

చట్టము వచ్చినంతనే ఆచారము పోయినదా? పోలేదు. మొదటి చిక్కు ఋజువు. రెండవ పెండ్లి యథావిధిగా, సప్తపదియో కులాచారమో జరిగినదని నిరూపించిననే శిక్ష పడునని సుప్రీముకోర్టు 1965లో తీర్పు చెప్పినది. 1979లో మన ఆంధ్రప్రదేశునుండి పోయిన ఒక అభియోగములోను అట్లే తీర్మానించినది. ఇక గుడిలో రహస్యముగా దండలు మార్చుకొన్నవాని రెండవ పెండ్లిలో అడుగులు లెక్కపెట్టినదెవరు? మొదటి భార్యను ఆ పెండ్లికి పిలుతురా? రెండవ చిక్కు ఫిర్యాదు. బాధితురాలుగాని, ఆమె పక్షమున దగ్గరి బంధువులుగాని కోర్టు కెక్కవలెను. పోలీసులు తమంతట పట్టుకొనరాదు. ఈ కష్టము గమనించి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1992లో సవరణ చేసి, 494, 495 సెక్షనుల నేరములను పోలీసులు నేరుగా విచారింపదగినవిగా చేసెను. ఆ సవరణను గూర్చి మన రాష్ట్రపు అభియోగములోనే సుప్రీముకోర్టు 2011లో ముఖ్యమైన తీర్పిచ్చెను: మొదటి పెండ్లిని దాచి మోసపుచ్చి పెండ్లాడబడిన రెండవ స్త్రీయు బాధితురాలే, ఆమెయు ఫిర్యాదు చేయవచ్చును. సవతు లిద్దరు ఒకరికొకరు శత్రువులని లోకము తలచును. ఇద్దరిని మోసగించిన వాడొక్కడే యని న్యాయస్థానము చూపినది.

మతము మార్చుకొని రెండవ పెండ్లి చేసికొను ఉపాయమును సుప్రీముకోర్టు 1995లోను, మరల 2000లోను త్రోసిపుచ్చినది. మొదటి పెండ్లి రద్దు కాకుండ ఇస్లాము స్వీకరించి మరల పెండ్లాడిన హిందువు శిక్షార్హుడే. మన పేటలో ముస్లిము సోదరులు ఎక్కువగా నున్నారు గనుక వారి ధర్మమును గూర్చి ఒక మాట. ఖురాను నలుగురివరకు అనుమతించుచు, అందరియెడల సమన్యాయము చేయలేననెడి భయమున్నచో ఒకతెతోనే తృప్తి పడుమని చెప్పుచున్నది. మన దేశమున వారి వ్యక్తిగత ధర్మము ఆ విషయమున అట్లే నిలిచియున్నది. క్రైస్తవులకును పారశీకులకును ద్వితీయ వివాహము నిషిద్ధము. షెడ్యూల్డు తెగలకు, ప్రత్యేక ప్రకటన లేనిదే, హిందూ వివాహ చట్టము వర్తింపదు. అందరి కొకే పౌరస్మృతి యుండవలెనని రాజ్యాంగపు 44వ అధికరణము ఆశించినది. ఉత్తరాఖండము 2024లో అట్టి చట్టము చేసి 2025 జనవరిలో అమలులో పెట్టినది. దానిపై వాదప్రతివాదములు పెద్దవి. నేను లెక్క మాత్రమే చెప్పెదను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, సవతి గల వివాహిత స్త్రీలు 2005-06లో నూటికి 1.9, 2019-21లో 1.4. అందు హిందువులలో 1.3, ముస్లిములలో 1.9. నిషేధమున్న చోటను పూర్తిగా పోలేదు. అనుమతియున్న చోటను అందరును చేయుట లేదు. ఈ అంకెలు చూచినచో ఒకరిని చూచి మరియొకరు నవ్వుకొనుటకు చోటు లేదు.

శిక్షాస్మృతి పేరు మారినది. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత వచ్చినది. పాత 494, 495 సెక్షనులు అందు 82వ సెక్షనుగా నున్నవి. ఏడేండ్లు, పదేండ్లు, అవే శిక్షలు. చెల్లని పెండ్లి బిడ్డల మాటేమి? తల్లిదండ్రుల పెండ్లి చెల్లకున్నను బిడ్డ న్యాయసమ్మతమైన సంతానమే యని వివాహ చట్టపు 16వ సెక్షను చెప్పుచున్నది. అట్టి బిడ్డలకు తల్లిదండ్రుల భాగమున, పిత్రార్జితమున తండ్రికి రావలసిన వాటాలో సైతము, హక్కు గలదని సుప్రీముకోర్టు 2023 సెప్టెంబరులో తేల్చినది. పెద్దలు చేసిన తప్పునకు పిల్లలపై జరిమానా లేదు.

కడపట అనుభవము చేత రెండు మూడు మాటలు. మొదటిది, స్టాంపు కాగితముపై విడుదల పత్రము వ్రాసికొని, పెద్దమనుష్యుల సంతకములు పెట్టించి, విడాకులైనవని భ్రమపడువారు మనలో నేటికిని పలువురు. కులాచారముగా విడాకులున్నచో చట్టము దానిని గుర్తించును. కాని ఆ ఆచారమును ఋజువు చేయవలసిన భారము చెప్పినవానిపైననే. లేనిచో కోర్టు డిక్రీ తప్ప వేరు మార్గము లేదు. ఆ కాగితమును నమ్మి పిల్లనిచ్చినవారు తరువాత వగచిన సందర్భములు నేను చూచితిని. రెండవది, 2002 నాటి చట్టము ప్రకారము పెండ్లిని నమోదు చేయింపుడు. దండలు వాడిపోవును, ఫోటోలు వెలిసిపోవును. నమోదు పుస్తకములోని వరుస మాత్రము నిలుచును. మూడవది, పిల్ల నిచ్చుటకు ముందు వరుని ఉద్యోగము, జీతము విచారించినంత శ్రద్ధగా, అతనికి లోగడ పెండ్లి అయినదా యని విచారింపుడు.

ఆ ముసలమ్మ నేడు లేదు. ఆ యెకరమును ఆమె తాను పెంచిన ఆ సవతి కొడుకులకే వ్రాసి పోయెను. నాకు ఆమె నేర్పిన పాఠము మాత్రము మిగిలినది. ఒక పుస్తకము ఒక బీరువాలో, ఒక గ్రంథాలయములో, సరియైన వేళకు ఉండుట ఎంత మేలో నాకు తెలిసినంతగా మరెవ్వరికి తెలియదు. ఆ పుస్తకము లేకున్నచో నా తప్పు తప్పుగానే నిలిచి, ఒక భార్య భార్య గాకుండ పోయెడిది. ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయము నూరేండ్లు వర్ధిల్లుగాక! ఆ న్యాయశాస్త్రపు పుస్తకము మాత్రము బీరువాలో దాచక, బల్లమీద అందరికి అందునట్లు ఉంచవలసినదని నిర్వాహకులకు నా మనవి.